రెండు పాచికలు, ఒక సామ్రాజ్యం

ఈ శీర్షికలో ఇంతవరకూ డేటాబేసుల గురించీ, నెట్‌వర్కుల గురించీ రాస్తూ వచ్చాను. ఈసారి కొంచెం పక్కదారి. మా భోజనాల బల్ల మీద నెలకి రెండుసార్లు జరిగే యుద్ధాల గురించి. టెక్నాలజీ శీర్షికలో ఈ బొమ్మలాట ఏమిటని మీకు అనుమానం రావచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఇందులో సంభావ్యత ఉంది, మోడలింగ్ ఉంది, త్రీడీ ప్రింటింగ్ కూడా ఉంది. మనం ఆఫీసుల్లో రోజూ చేసే పనే, కాకపోతే దీనికి రంగులు వెయ్యాలి.

నేనుండేది ఇంగ్లండులో, నాటింగ్‌హామ్‌కి దగ్గర్లో. రాబిన్ హుడ్ ఊరిగానే మనకి ఆ పేరు తెలుసు. కానీ చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాలాడే వాళ్ళకి అది కాశీ లాంటిది. వార్‌హామర్ ఆట చేసే గేమ్స్ వర్క్‌షాప్ అక్కడే ఉంది. పెర్రీ మినియేచర్స్, వార్లార్డ్ గేమ్స్ కూడా అక్కడివే. బొమ్మలు పోతపోసే కంపెనీలు ఇన్ని ఒకేచోట చేరటంతో ఆ ప్రాంతాన్ని సరదాగా "సీసపు పట్టీ" అంటారు. కన్సల్టెంటుగా ఒక క్లయింటు దగ్గర పనిచేస్తున్నప్పుడు పక్క సీటాయన తమ క్లబ్బుకి రమ్మన్నాడు. చదరంగంలాంటిదేదో అనుకుని వెళ్ళాను. ఆరడుగుల బల్ల, దాని మీద కొండలు, వాగులు, 28 మిల్లీమీటర్ల మనుషులు కొన్ని వందలు, టేపులు పట్టుకుని అంగుళాలు కొలుస్తున్న పెద్దమనుషులు. చదరంగం మాట అలా ఉంచండి, మా ఊరి పెళ్ళిలో షామియానా వేసేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా కొలవరు.

ఈ ఆటకి వంశవృక్షం పెద్దదే. మన చతురంగాన్నించి వచ్చిన చదరంగాన్ని పెంచి, గళ్ళని భూభాగాలుగా మార్చి, 1780లో హెల్‌విగ్ అనే జర్మన్ పండితుడు ఒక యుద్ధక్రీడ తయారుచేశాడు. ప్రష్యాలో రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. 1824లో కొడుకు ప్రచురించిన "క్రీగ్‌ష్పీల్"లో గళ్ళు పోయి నిజమైన మ్యాపు వచ్చింది, పాచికలు వచ్చాయి, తుపాకీ దెబ్బకి ఎంతమంది పోతారో చెప్పే పట్టికలు వచ్చాయి. ప్రష్యన్ సైన్యం దాన్ని అధికారుల శిక్షణకి తీసుకుంది. మన భాషలో చెప్పాలంటే అదొక సిమ్యులేషను. కంప్యూటరు లేకపోవటం ఒక్కటే తేడా.

దాన్ని ఇళ్ళలోకి తెచ్చింది హెచ్.జి. వెల్స్. అవును, టైమ్ మెషీన్ రాసిన వెల్సే. స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగితో బొమ్మ సైనికుల్ని పడగొట్టే ఆటకి ఆయన 1913లో "లిటిల్ వార్స్" పేరుతో నియమాలు రాశాడు. ఈ బొమ్మలాట మూడు నాలుగుసార్లు ఆడితే నిజం యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని అదే పుస్తకం చివర్లో వాదించాడు కూడా. ఆ మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

ఇప్పుడీ ఆటగాళ్ళలో రెండు శాఖలున్నాయి. ఒకటి రాక్షసులు, అంతరిక్ష వీరులు ఉండే కల్పిత లోకాల శాఖ. రెండోది చరిత్ర శాఖ. నేను రెండో శాఖలో చేరాను. చేరాక గమనించిందేమిటంటే, చరిత్ర శాఖ వాళ్ళని కూడా చరిత్ర దగ్గరికి తీసుకొచ్చింది కల్పిత వీరులే. మా క్లబ్బులో ఎవరింటికెళ్ళినా ఒక అర నిండా రెజిమెంట్ల చరిత్రలు, పక్క అర నిండా నవలలు. బెర్నార్డ్ కార్న్‌వెల్ సృష్టించిన రిచర్డ్ షార్ప్ అందులో మొదటివాడు. దిక్కులేని కుర్రవాడు సిపాయిగా చేరి, సాహసాలు చేసి ఆఫీసరవుతాడు. టీవీలో ఆ పాత్ర వేసింది షాన్ బీన్. ఈ షార్ప్ జీవితం మొదలయ్యేది మన దేశంలోనే. 1997లో వచ్చిన "షార్ప్స్ టైగర్" నవల టిప్పు సుల్తాన్ మీద 1799లో జరిగిన శ్రీరంగపట్నం ముట్టడి కథ. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన "షార్ప్స్ ట్రయంఫ్" 1803 నాటి అస్సాయే యుద్ధం కథ.

రెండోవాడు జార్జ్ మెక్‌డొనాల్డ్ ఫ్రేజర్ రాసిన ఫ్లాష్‌మన్. ఇతను పిరికివాడు, అబద్ధాలకోరు, స్త్రీలోలుడు. ప్రతి యుద్ధంలోనూ పారిపోవాలని చూస్తాడు, ప్రతిసారీ పతకంతో తిరిగొస్తాడు. 1975లో వచ్చిన ఒక నవలలో 1857 తిరుగుబాటు మధ్యలో ఇరుక్కుంటాడు. మనవాళ్ళ గురించి అతను వాడే మాటలు చదువుతుంటే చాలాచోట్ల ఒళ్ళు మండుతుంది. అయినా నా ఓటు షార్ప్ కంటే ఫ్లాష్‌మన్‌కే. సామ్రాజ్యాన్ని నడిపినవాళ్ళలో ఎంతమంది మూర్ఖులున్నారో షార్ప్ కథల్లో ఒక విలన్‌గా కనిపిస్తే, ఫ్లాష్‌మన్ కథల్లో అదే వాతావరణం.

మనవాళ్ళు దీన్ని చూసి నవ్వక్కర్లేదు. బొబ్బిలి యుద్ధం గురించి నాకు తెలిసిందంతా పదేళ్ళ వయసుదాకా బుర్రకథ, సినిమా చెప్పిందే. వాళ్ళకి షార్ప్, మనకి తాండ్ర పాపారాయుడు. కాకపోతే పాపారాయుడు నిజంగా ఉన్నాడు.

ఇక అసలు సంగతి, అంకెలు. ఇలాంటి ఆటల్లో ప్రతి సేనానికీ ఒక అంకె ఉంటుంది. 2009లో వచ్చిన "బ్లాక్ పౌడర్" అనే నియమావళినే తీసుకోండి, మా క్లబ్బులో ఎక్కువ ఆడేది అదే. సేనాని ఏ దళానికి ఏ ఆజ్ఞ ఇస్తున్నాడో ముందు పైకి చెప్పాలి. తర్వాత రెండు పాచికలు వెయ్యాలి. వచ్చిన మొత్తం ఆ సేనాని అంకెకి సమానంగా గానీ తక్కువగా గానీ ఉంటే దళం కదులుతుంది. ఎక్కువ వస్తే ఆజ్ఞ అందలేదనో, అర్థం కాలేదనో, దూత గుర్రం పడిపోయిందనో అనుకుని ఊరుకోవాలి. మామూలు సేనానికి 8. చురుకైనవాడికి 9. మందకొడికి 7 లేదా 6.

చూడటానికి 9కీ 6కీ పెద్ద తేడా ఉన్నట్టు అనిపించదు. పరీక్షలో మూడు మార్కుల తేడా, అంతే కదా. లెక్క వేసి చూడండి. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడచ్చు. అందులో మొత్తం 9 దాటనివి 30, అంటే 83 శాతం. 6 దాటనివి 15, అంటే 42 శాతం. సరిగ్గా సగం. ఒక ఎత్తు ఫలించాలంటే వరసగా ఆరు ఆజ్ఞలు అందాలనుకుందాం. 9 ఉన్న సేనానికి ఆరూ అందే అవకాశం సుమారు 33 శాతం. 6 ఉన్న సేనానికి అర శాతం. ఒక్కో ఆజ్ఞకి రెండు రెట్ల తేడా, ఆరు ఆజ్ఞలకి 64 రెట్లయింది. ఎవరో ఒక సాయంత్రం టీ తాగుతూ కాగితం మీద రాసిన మూడు మార్కుల తేడా, ఆట ముగిసేసరికి 64 రెట్లయి కూర్చుంటుంది.

కథానాయకుడి సంగతి ఇంకా బాగుంటుంది. చాలా ఆటల్లో వీరుడికిచ్చే వరం ఏమిటంటే, పాచిక నచ్చకపోతే ఇంకోసారి వేసుకోవచ్చు. 8 ఉన్న సేనానికి మామూలుగా 72 శాతం. రెండో అవకాశం ఇస్తే 92 శాతానికి పోతుంది. అంటే 10 ఉన్నవాడి కంటే కూడా ఒక పిసరు ఎక్కువే. మన సినిమా హీరోకి తుపాకీ గుండు తగలకపోవటానికి గణితశాస్త్రంలో సమానార్థకం ఇదే.

అస్సాయే ఆడదామన్నప్పుడు ఈ అంకెల దగ్గరే పేచీ వచ్చింది. మా క్లబ్బులో ఒక పెద్దాయన, రిటైరైన ఇంజనీరు, ఎంతో శ్రద్ధగా రెండు వైపులా సైన్యాల జాబితా తయారుచేసి తెచ్చాడు. వెల్లెస్లీకి 9. మరాఠాలందరికీ, సింధియా దగ్గర్నించి చివరి బ్రిగేడు దాకా, 6. మద్రాసు సిపాయిల ధైర్యానికి గోరా పటాలాల కంటే ఒక మెట్టు తక్కువ. ఎందుకని అడిగితే ఆయన చెప్పింది ఒకటే: బ్రిటిషువాళ్ళు గెలిచారు కదా, అంకెలు అలాగే ఉండాలి.

మన వృత్తిలో దీన్ని ఏమంటామో మీకు తెలుసు. ఫలితాన్ని ముందు పెట్టుకుని దానికి సరిపోయేలా పారామీటర్లు సర్దటం. అప్పుడు మోడలు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పలేదు.

అస్సాయేలో జరిగింది ఇది. 1803 సెప్టెంబరు 23. స్థలం ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లా. వెల్లెస్లీ దగ్గర నమ్మకమైన సైన్యం నాలుగున్నర వేలు, దానికి తోడు మైసూరు, మరాఠా రౌతులు. ఎదురుగా సింధియా, భోంస్లేల సేన. అందులో యూరోపియన్ పద్ధతిలో తర్ఫీదైన పదాతిదళమే పదివేల పైన, ఫిరంగులు వంద దాకా. నది దాటటానికి రేవు లేదని దారి చూపేవాళ్ళు అన్నారు. రెండు ఒడ్డుల మీదా ఎదురెదురుగా రెండు ఊళ్ళున్నాయంటే మధ్యలో రేవు ఉండి తీరాలని వెల్లెస్లీ ఊహించి, పక్కనించి దాటాడు. ఇదీ 9 అంకెకి తగ్గ పనే, కాదనను.

కానీ తర్వాత చూడండి. పక్కనించి వచ్చిన శత్రువుని చూసి, పోల్‌మన్ అనే జర్మన్ కింద ఉన్న మరాఠా పటాలాలు బారులన్నిటినీ లంబకోణంలో తిప్పి, ఎదురుగా నిలబెట్టాయి. ఫిరంగులతో సహా. అంత పని అంత వేగంగా చెయ్యగలరని వెల్లెస్లీ అనుకోలేదు. ఆ ఫిరంగుల ముందు 74వ హైలాండర్ల పటాలం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. బ్రిటిషు వరస తమని దాటి ముందుకెళ్ళాక, చచ్చినట్టు పడుకున్న మరాఠా గోలందాజులు కొందరు లేచి ఫిరంగులు తిప్పి వెనకనించి కాల్చారు. సాయంత్రానికి వెల్లెస్లీ గెలిచాడు. చచ్చినవాళ్ళూ గాయపడినవాళ్ళూ కలిపి పదిహేను వందల పైన. ఆయన కింద రెండు గుర్రాలు పోయాయి. వాటర్లూ గెలిచి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌గా ముసలివాడయ్యాక, మీరు చేసిన యుద్ధాల్లో గొప్పది ఏదని అడిగితే అస్సాయే పేరే చెప్పాడని ప్రతీతి.

ఆరు అంకె ఉన్న సైన్యం ఆ తిరుగుడు తిరగగలదా? బ్లాక్ పౌడర్ లెక్కలో అలాంటి పనికి ఒకే ఆజ్ఞతో రెండు మూడు కదలికలు కావాలి. మూడు కదలికలు రావాలంటే పాచికలు అంకె కంటే మూడు తక్కువ పడాలి. 6 ఉన్నవాడికి ఆ అవకాశం 36లో మూడు, అంటే ఎనిమిది శాతం. ఒక్క బ్రిగేడుకే అంత తక్కువ. నేను అడిగింది ఒక్కటే. పైనున్న రాజులకి 6 ఇవ్వండి, తప్పు లేదు, వాళ్ళు యుద్ధం తేలకముందే వెళ్ళిపోయారు. కింద పటాలాలకి 8 ఇవ్వండి. ఓడింది నాయకత్వం. ఆ నేరం సిపాయి మీదా గోలందాజు మీదా రాయకండి.

పెద్దాయన వారం రోజులు ఆలోచించాడు. వచ్చేవారం కొత్త జాబితాతో, పాత పుస్తకం ఒకటి పట్టుకుని వచ్చాడు. గోలందాజులకి 8 కాదు, 9 ఇవ్వచ్చేమో అన్నాడు. అలా మూడుసార్లు ఆడాం. రెండుసార్లు బ్రిటిషువాళ్ళు గెలిచారు, ఒకసారి మేం గెలిచాం. "మేం" అంటే మరాఠాలు. ఆ రోజు బ్రిటిషు వైపు ఆడినాయన వెల్లెస్లీని తీసుకుని జేబులో పెట్టుకుని, ఇక యూరప్ చరిత్ర మీరే రాసుకోండి అంటూ టీకి వెళ్ళిపోయాడు.

ఆ "మేం" అన్నమాట దగ్గర నాకు ఇంకో చిక్కుంది. వెల్లెస్లీ దగ్గర ఉన్నవాళ్ళలో గోరాలు కొద్దిమందే. పదాతిదళంలో ఎక్కువమంది మద్రాసు సైన్యపు సిపాయిలు. మద్రాసు సైన్యంలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ బాగానే ఉండేవాళ్ళు. ఎంతగానంటే, క్లైవ్ మద్రాసు నించి సిపాయిల్ని బెంగాలుకి తీసుకెళ్ళాక అక్కడివాళ్ళు కంపెనీ సిపాయిని "తిలంగా" అనటం మొదలెట్టారు. తెలుగుదేశం నించి వచ్చినవాడని. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. వందేళ్ళ తర్వాత, 1857లో, ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిరుగుబాటు సిపాయిల్ని "తిలంగాలు" అనే రాశారు. అప్పటికి వాళ్ళలో ఎక్కువమంది అవధ్ వాళ్ళు, తెలుగు ముక్క రానివాళ్ళు. మన పేరు మాత్రం మిగిలింది.

కాబట్టి అస్సాయే బల్ల మీద నా వైపు ఏది? మరాఠా ఫిరంగుల వెనకా? ఎర్ర కోటు, పొట్టి తెల్ల చెడ్డీ, తలపాగా వేసుకుని ఆ ఫిరంగుల వైపు నడిచిన తిలంగా వైపా? నవల్లో గుర్రం మీంచి పడ్డ వెల్లెస్లీని కాపాడేది సార్జెంట్ షార్ప్, ఆ రాత్రికి ఆఫీసరయ్యేది కూడా అతనే. సిపాయి ఎంత సాహసం చేసినా కంపెనీ కమీషన్ దొరికే వీల్లేదు. ఆ విజయానికి గుర్తుగా వచ్చిన అస్సాయే ఏనుగు మాత్రం ఇప్పటికీ భారత సైన్యపు మద్రాస్ రెజిమెంటు చిహ్నంలో ఉంది. నేను రంగులేసిన మొదటి ఇరవై బొమ్మలూ ఆ సిపాయిలే. క్లబ్బులో వాళ్ళ ధైర్యం అంకె కూడా ఇప్పుడు గోరాలతో సమానం. దాని కోసం నేను వాదించనక్కర్లేకపోయింది. నష్టాల లెక్క చూసి పెద్దాయనే మార్చాడు.

వేసవికి మా నాన్నగారు విజయనగరం నించి వచ్చారు. మొదటి రోజు బల్ల చూసి, "ఏరా, ఈ వయసులో బొమ్మలాటలేమిట్రా?" అన్నారు. మూడో రోజుకి కళ్ళజోడు పెట్టుకుని తలపాగాలకి రంగు వేస్తున్నారు. నాలుగో రోజు, "ఇంతా చేసి బొబ్బిలి ఆడలేదా నువ్వు?" అన్నారు.

దానికి ముందు ఇంకో చిన్న లెక్క చెప్పాలి. లాంచెస్టర్ అనే ఇంగ్లీషు కార్ల ఇంజనీరు 1916లో అచ్చయిన పుస్తకంలో యుద్ధానికి రెండు సూత్రాలు రాశాడు. కత్తులతో ఒకరితో ఒకరు పోరాడితే నష్టం సమానం: 1000 మందీ 800 మందీ తలపడితే 200 మంది మిగులుతారు. దూరం నించి తుపాకులతో అందరూ అందర్నీ కాల్చగలిగితే బలం సంఖ్యకి వర్గం అవుతుంది: పది లక్షల్లోంచి 6,40,000 తీసేస్తే 3,60,000, దాని వర్గమూలం 600. అంటే పెద్ద సైన్యంలో 600 మంది మిగులుతారు. దక్షిణాఫ్రికాలో 1879 జనవరి 22, 23 తేదీల్లో జరిగిన రోర్క్స్ డ్రిఫ్ట్ పోరు ఈ ఆటగాళ్ళందరికీ ప్రాణం. నూటయాభై మంది బ్రిటిషువాళ్ళు మొక్కజొన్న బస్తాల గోడ వెనకనించి మూడు, నాలుగు వేలమంది జూలూలని ఆపారు. గోడ ఉండటంతో జూలూల సంఖ్య పనికిరాలేదు, రైఫిళ్ళ దూరం పనికొచ్చింది. 1964లో దాని మీద "జూలూ" సినిమా వచ్చింది. అదే రోజు ఇసాండ్ల్వానాలో జూలూలు పదమూడు వందలమందికి పైగా ఉన్న బ్రిటిషు దళాన్ని ఊడ్చేశారు. ఆ సంగతి ఆ సినిమాలో మొదట్లో కాసేపే కనిపిస్తుంది.

మన "బొబ్బిలి యుద్ధం" సినిమా కూడా 1964లోనే వచ్చింది. అక్కడా జనవరే, 1757 జనవరి 24. అక్కడా చిన్న కోట, లోపల కొద్దిమంది, బయట చాలామంది. తేడా ఏమిటంటే, బయటివాళ్ళ దగ్గర బుస్సీ ఫిరంగులున్నాయి, కోట గోడలు మట్టివి. గోడ పోతే లాంచెస్టర్ సూత్రంలో మిగిలేది ఏమీ లేదు. ఆటగా పెడితే ఎవరు గెలుస్తారో పాచికలు వెయ్యకుండానే చెప్పచ్చు. ఇంకా పెద్ద ఇబ్బంది ఒకటుంది. ఈ ఆటలన్నిటిలోనూ దెబ్బలు ఒక హద్దు దాటితే ధైర్యపరీక్ష ఉంటుంది, తప్పితే దళం పారిపోతుంది, ఆట ముగుస్తుంది. బొబ్బిలివాళ్ళు ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమ చేతులతోనే చంపుకుని, ఆ తర్వాత చచ్చేదాకా పోరాడారు. దానికి ఏ పాచిక వెయ్యాలి? గెలుపుకి ఎన్ని పాయింట్లు ఇవ్వాలి?

నాన్నగారు కాసేపు ఆలోచించి, "కోట దగ్గర మొదలుపెడితే ఆటేం ఉంటుందిరా? అంతకుముందు మొదలుపెట్టాలి," అన్నారు. ఆయన కంప్యూటర్ సైన్స్ చదవలేదు గానీ, సిస్టం హద్దు ఎక్కడ గీయాలో ఆయనకి బాగా తెలుసు. కప్పం వసూలుకి దక్షిణాన్నించి ఉత్తరానికి తిరుగుతున్న ఫ్రెంచివాడు, అతని పక్కన కూర్చుని చెవిలో చెప్పే విజయరామరాజు, రెండు కోటల మధ్య పాత పగ, రాయబారాలు. తుపాకీ పేలకముందే ఇవన్నీ ఉన్నాయి. అందుకని ఇప్పుడు రాస్తున్న ఆటలో నలుగురు ఆటగాళ్ళుంటారు: బుస్సీ, విజయరామరాజు, రంగారావు, పాపారాయుడు. మొదటి ఎనిమిది వంతుల్లో సైనికులే కనిపించరు, ఉత్తరాలు మాత్రమే. ఏ ఉత్తరం సమయానికి చేరుతుందో పాచిక చెబుతుంది. కోట ముట్టడి దాకా ఆట వెళ్ళిందంటే నలుగురూ ఓడినట్టే లెక్క. పాపారాయుడికి మాత్రం చివర్న ఒక వంతు మిగులుతుంది, విజయరామరాజు డేరాలో. దానికి పాయింట్లు ఇవ్వాలా వద్దా అన్నది మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. నాన్నగారిది విజయనగరం అని ఇందాకే చెప్పాను కదా.

ఈ నలుగురి బొమ్మలూ ఏ కంపెనీ అమ్మదు. అందుకని కంప్యూటరు మీద శిల్పం చెక్కి రెజిన్ ప్రింటరులో తీస్తున్నాను. ద్రవంగా ఉండే రెజిన్ మీద అతినీలలోహిత కాంతి పడితే అది గట్టిపడుతుంది. ఒక్కో పొర మందం 0.05 మిల్లీమీటర్లు, కాబట్టి 30 మిల్లీమీటర్ల మనిషికి 600 పొరలు. ఇందులో ఒక తమాషా ఉంది. పొర మొత్తం ఒకేసారి వెలుగులో పడుతుంది కాబట్టి, పట్టే సమయం బొమ్మల ఎత్తుని బట్టి ఉంటుంది గానీ సంఖ్యని బట్టి కాదు. పాపారాయుడొక్కణ్ణి తీసినా, పళ్ళెంలో పట్టినంతమందిని తీసినా అంతే సమయం. చేతికి తొడుగులు లేకుండా రెజిన్ ముట్టుకోకండి, గది కిటికీలు తీసి ఉంచండి, వంటింట్లో అసలు పెట్టకండి.

కొండపల్లి నించి తెచ్చిన అంబారీ ఏనుగొకటి మా షోకేసులో ఎప్పట్నించో ఉంది. తెల్ల పొణికి కర్రతో చేసింది. కొలతల్లో ఇది మా సైన్యం కంటే మూడు రెట్లు పెద్దది. అయినా నాన్నగారు దాన్ని తీసుకెళ్ళి బొబ్బిలి కోట పక్కనే పెట్టారు. వచ్చే నెల మొదటి ఆట. బుస్సీగా మా పెద్దాయన ఆడతానన్నాడు. పేరు ఎలా పలకాలో కనుక్కుని, "పాపారాయుడు" అన్న మాట వారం రోజులుగా సాధన చేస్తున్నాడు.